తిండితో గొడవ పడుతున్నవాళ్లు మళ్లీ వేళకు తినడం ఎలా మొదలుపెట్టాలి?

"ముందు మనసు కుదుటపడితే తిండి దానంతటదే దారిలో పడుతుంది కదా?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లంతా ఈటింగ్ డిజార్డర్లతో, అంటే తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బులతో బాధపడేవాళ్లే. పరిస్థితులు మాత్రం వేరు. ఒకరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో వంక పెట్టి తినకుండా నెట్టుకొస్తారు. ఇంకొకరు పగలంతా కడుపు కట్టుకుని, రాత్రి అందరూ పడుకున్నాక ఆపుకోలేనంత తిని ఏడుస్తారు. ఇద్దరూ మనసు బాగయ్యే రోజు కోసమే చూస్తుంటారు. నేనూ రెండేళ్లు అలాగే చూశాను. ఆ రోజు రాలేదు. వేళకు తినడం మొదలుపెట్టిన కొన్ని వారాలకు మనసు మెల్లగా కదిలింది. అందుకే నా జవాబు ఎప్పుడూ ఒకటే: ముందు తిండి, దాని వెనక మనసు.

ఇది నా ఒక్కరి అనుభవం మీద చెబుతున్న మాట కాదు. 1944 నవంబరు నుంచి 1945 చివరి దాకా అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశారు. తమంతట తాము ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు చాలీచాలని తిండి పెట్టారు. వాళ్లలో చాలామందికి రాత్రీ పగలూ తిండి ఆలోచనలే అయ్యాయి. కొందరు వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు, ప్లేటులో ఉన్న కాస్తనీ గంటల తరబడి తిన్నారు. చిరాకు, దిగులు పెరిగాయి, స్నేహితుల్ని దూరం పెట్టారు. తిండి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టాక కడుపు నిండినా ఆకలి తీరక ఆపకుండా తిన్నవాళ్లూ ఉన్నారు. మొదట్లో వాళ్లలో ఎవరికీ ఏ జబ్బూ లేదు. మీరు "ఇది నా స్వభావం" అనుకుంటున్న దాంట్లో కొంత ఆకలి చేయిస్తున్నదే అయి ఉండొచ్చు. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఇది ఎవరికి?

తిండి బాగా తగ్గించేసి, బరువు పెరుగుతామన్న భయంతోనే బతుకుతున్నవాళ్లకు (అనోరెక్సియా). అదుపు తప్పి తిని, ఆ తర్వాత దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని చూసేవాళ్లకు (బులీమియా). వదిలించుకునే ప్రయత్నం లేకపోయినా పదేపదే అదుపు తప్పి తిని కుమిలిపోయేవాళ్లకు (బింజ్ ఈటింగ్). ఈ మూడింటిలో దేనిలోనూ సరిగ్గా ఇమడని వాళ్లు కూడా చాలామంది ఉంటారు, వాళ్లకూ ఇది పనికొస్తుంది. మనిషిని చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పలేం. సన్నగా, లావుగా, మామూలుగా ఉన్నవాళ్లకూ వస్తుంది, మగవాళ్లకూ వస్తుంది. నేను మొదట వెళ్లిన డాక్టర్ "బరువు బాగానే ఉందిగా" అని పంపించేశారు. ఆ ఒక్క మాటతో ఇంకో ఏడాది వృథా అయింది. మీకు అలా జరిగితే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

వీటిలో ఏదైనా ఉంటే ఈ పద్ధతి పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి

- స్పృహ తప్పడం, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం
- గుండె దడ, గుండె లయ తప్పినట్టు అనిపించడం, ఛాతీ నొప్పి
- వాంతిలో రక్తం
- కండరాల్లో బాగా నీరసం, తిమ్మిర్లు, ఫిట్స్
- కొన్ని రోజులుగా దాదాపు ఏమీ తినకపోవడం, లేదా తక్కువ కాలంలో బరువు బాగా తగ్గిపోవడం
- చచ్చిపోవాలన్న ఆలోచనలు

చివరిది ఉంటే ఇప్పుడే పక్కనున్న మనిషికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. మీ ప్రాంతపు ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి. గర్భిణులు, షుగర్‌కు ఇన్సులిన్ వాడేవాళ్లు కూడా డాక్టర్ సాయం లేకుండా సొంతంగా మొదలుపెట్టకూడదు.

కావలసినవి

ఒక డాక్టర్. నమ్మకమైన మనిషి ఒకరు. చిన్న నోటుబుక్కు, పెన్ను. అలారం పెట్టుకోవడానికి ఫోన్. వీలైతే ఈటింగ్ డిజార్డర్ల మీద పనిచేసిన కౌన్సెలర్, డైటీషియన్. చివరి ఇద్దరూ దొరికేదాకా ఆగొద్దు, వెతుకుతూనే మొదటి మెట్లు ఎక్కొచ్చు. కేలరీలు లెక్కపెట్టే యాప్ మాత్రం అక్కర్లేదు. ఫోన్‌లో ఉంటే ఈరోజే తీసేయండి.

1. డాక్టర్‌తో విషయం సూటిగా చెప్పండి

"నీరసంగా ఉంటోంది" అని మొదలుపెడితే విటమిన్ మాత్రలు రాసి పంపిస్తారు. నోట మాట రాదనుకుంటే కాగితం మీద రాసి చేతికివ్వండి: "డాక్టర్ గారూ, నాకు ఈటింగ్ డిజార్డర్ ఉందని అనుమానం. ఇన్ని నెలలుగా తిండి తగ్గించాను. తిన్నాక వాంతి చేసుకుంటున్నాను. దయచేసి పరీక్షలు చేయండి." మీకు వర్తించేదే రాయండి, తగ్గించి రాయొద్దు.

ఏం అడగాలి? పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ, పల్స్ చూడమనండి. ఈసీజీ. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, షుగర్. నెలసరి ఆగిపోయి ఉంటే అది తప్పకుండా చెప్పండి, ఎముకల బలం కూడా చూడాల్సి రావచ్చు. ఒకసారి రిపోర్టులు మామూలుగా వచ్చాయంటే జబ్బు లేదని అర్థం కాదు. శరీరం చాలాకాలం సర్దుకుపోతుంది, తర్వాత హఠాత్తుగా చేతులెత్తేస్తుంది.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక ఉంది. చాలా రోజులు చాలా తక్కువ తిన్నవాళ్లు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. గుండె మీద, ఊపిరి మీద దెబ్బ పడుతుంది. మొదటి కొన్ని రోజులు ఎక్కువ ప్రమాదం. అందుకే అలాంటివాళ్లకు ఎంత తినాలో, ఎంత వేగంగా పెంచాలో రక్తపరీక్షలు చూస్తూ డాక్టర్ చెప్పాలి. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ కొసరి కొసరి వడ్డించినా ఇదే ప్రమాదం.

2. ఒక్క మనిషికి చెప్పండి

ఇంటిల్లిపాదికీ చెప్పక్కర్లేదు. ఒక్కరు చాలు. చెప్పేటప్పుడు వాళ్లు చేయాల్సిన పని కూడా చెప్పండి, లేకపోతే కంగారుపడి సలహాలు మొదలుపెడతారు. ఇలా అనొచ్చు: "తిండి విషయంలో నాకు ఒక జబ్బు ఉంది. ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నాను. నువ్వు నన్ను మార్చక్కర్లేదు. రాత్రి భోజనానికి నా పక్కన కూర్చో, తిన్నాక ఒక గంట నాతో ఉండు. నా ప్లేటు గురించి, నా ఒంటి గురించి మాత్రం మాట్లాడకు."

పక్కన ఎవరూ లేనివాళ్లు ఫోన్‌లో వీడియో కాల్ పెట్టుకుని తినొచ్చు. అది కూడా బాగానే పనిచేస్తుంది.

3. గడియారం చూసి తినండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడు చిరుతిళ్లు. రెండింటి మధ్య 4 గంటలు దాటకూడదు. ఈ జబ్బులకు బాగా పరీక్షకు నిలిచిన కౌన్సెలింగ్ పద్ధతి ఒకటి ఉంది, ఇంగ్లాండ్‌కు చెందిన సైకియాట్రిస్ట్ క్రిస్టఫర్ ఫేర్‌బర్న్ రూపొందించింది. అందులోనూ తొలి పని ఇదే.

ఆకలి వేసినప్పుడు తింటాను అనకండి. చాలాకాలం తినకుండా ఉన్నవాళ్లకు, తిని వదిలించుకున్నవాళ్లకు ఆకలి, నిండుదనం రెండూ తప్పు చెబుతాయి. అవి మళ్లీ నమ్మదగ్గవి కావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆకలి చేయాల్సిన పని అలారం చేస్తుంది. దాన్ని మందు వేళలా చూడండి: ఇష్టం పుట్టేదాకా ఆగి ఎవరూ మందు వేసుకోరు.

ముందురోజు రాత్రే నోటుబుక్కులో రేపటి వేళలు, ఏం తింటారో రాసుకోండి. ఆకలితోనో భయంతోనో ఉన్నప్పుడు నిర్ణయాలు తీసుకునే అవసరం ఉండకూడదు. బయటికి వెళ్లాల్సిన రోజైతే చిరుతిండి సంచిలో పెట్టుకోండి.

మొత్తం ఒకేసారి కుదరకపోతే రోజులో మీకు అన్నిటికంటే తేలికైన పూటతో మొదలుపెట్టి, అది నిలబడ్డాక ఇంకో పూట కలపండి. బింజ్ సమస్య ఉన్నవాళ్లకు నా సలహా ఉదయం పూటతో మొదలుపెట్టమని. రాత్రి బింజ్ చాలావరకు ఉదయం తినకపోవడంలోంచే పుడుతుంది. నిన్న రాత్రి చాలా తిన్నాను కదా అని ఈ ఉదయం మానేస్తే, ఈ రాత్రికి మళ్లీ అదే జరుగుతుంది.

4. మొదట్లో వేళ మీదే దృష్టి పెట్టండి

ఏం తినాలి, ఏది మంచిది, ఏది చెడ్డది అన్న చర్చ ఇప్పుడు వద్దు. వేళకు ఏదో ఒకటి, మీరు లోపల నిలుపుకోగలిగింది తినండి. బరువు తక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం వేళ ఒక్కటే సరిపోదు, ఎంత తినాలో కూడా డాక్టరో డైటీషియనో చెప్పినంత తినాలి.

5. తిన్న తర్వాతి గంటకు పని పెట్టండి

భోజనం కంటే ఈ గంట కష్టమని చాలామంది చెబుతారు, నా అనుభవమూ అదే. గుండెలో టెన్షన్, కడుపు రాయిలా అనిపించడం, లేచి ఏదో ఒకటి చేసి తీరాలన్న ఆరాటం. ఆ ఆరాటం అల లాంటిది. లేస్తుంది, కాసేపు నిలుస్తుంది, మీరు ఏమీ చేయకపోయినా దిగుతుంది. దిగేదాకా చేతులకు, నోటికి పని కావాలి: ఎవరితోనైనా మాట్లాడటం, అల్లిక, బొమ్మలు వేయడం, పేకాట, ఇంట్లో పిల్లలతో ఆట. భోజనం అయ్యాక బాత్రూంలోకి వెళ్లే అలవాటు ఉంటే తినడానికి ముందే వెళ్లొచ్చేయండి, ఈ గంట నలుగురూ ఉన్న గదిలో కూర్చోండి.

కడుపు ఉబ్బరం నిజమైనదే. తక్కువ తిన్నన్నాళ్లూ జీర్ణాశయం నెమ్మదిస్తుంది, కాస్త తిన్నా గంటల తరబడి నిండుగా ఉంటుంది. వారాల తరబడి వేళకు తింటేనే అది మళ్లీ చురుకవుతుంది. వేడినీళ్ల సంచి పొట్ట మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

6. తిన్నది వదిలించుకునే అలవాటు ఉంటే

వాంతి చేసుకున్న రోజు వెంటనే పళ్లు తోమకండి. కడుపులోని ఆసిడ్ వల్ల పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, బ్రష్ దాన్ని గీకేస్తుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగండి. డెంటిస్ట్‌కు కూడా విషయం చెప్పండి.

విరేచనాల మందులు పనిచేసేది ప్రధానంగా పెద్దపేగు మీద. తిన్న దానిలోని శక్తి అంతకుముందే చిన్నపేగులో ఒంటికి పట్టేసి ఉంటుంది. పోయేది నీళ్లు, లవణాలు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. చాలాకాలంగా వాడుతున్నవాళ్లు మానేటప్పుడు డాక్టర్‌కు చెప్పి మానండి. మానాక కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు, కాళ్లకూ ముఖానికీ నీరు పడుతుంది. ఇక్కడే చాలామంది భయపడి వెనక్కి వెళ్లిపోతారు. అది కొవ్వు కాదు, నీరు. మెల్లగా అదే తగ్గిపోతుంది. వాపు ఎక్కువగా ఉన్నా, ఆయాసం వచ్చినా డాక్టర్‌ను కలవాలి.

7. రాసుకోండి, అంకెలు మాత్రం వద్దు

తిన్న వెంటనే నాలుగు ముక్కలు: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, మనసు ఎలా ఉంది. బింజ్ జరిగితే దానికి ముందు ఏం జరిగిందో కూడా. బరువు, కేలరీలు, గ్రాములు రాయొద్దు. రెండు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది: ఎప్పుడూ 5 గంటలు దాటిన ఖాళీ తర్వాతే, లేదా ఫలానా మనిషితో మాటా మాటా వచ్చిన రోజే జరుగుతోందని. ఆ నోటుబుక్కు కౌన్సెలర్‌కు చూపిస్తే మొదటి కొన్ని సెషన్ల శ్రమ తగ్గుతుంది. రాయడమే మీకు కొత్త పిచ్చిగా మారితే, లెక్కలు వేయాలనిపిస్తే ఆపేసి, పక్కనున్న మనిషితో నోటితో చెప్పండి.

8. తూకం, అద్దం, ఫోన్

ఇంట్లోని బరువు మిషన్ ఎవరికైనా ఇచ్చేయండి. డాక్టర్ దగ్గర వాళ్లు చూస్తారు, అది చాలు. రోజుకు రోజుకు మారే అంకెలో ఎక్కువ భాగం నీళ్ల తేడా. అద్దంలో ఒంట్లో ఒక్కో భాగాన్ని విడిగా చూసుకోవడం, గిల్లి చూసుకోవడం కూడా తూకం లాంటివే. ఫోన్‌లో ఒంటి గురించి, డైట్ల గురించి చెప్పే ఖాతాలన్నీ అన్‌ఫాలో చేయండి. కోలుకుంటున్నామంటూ మునుపటి ఫొటోలు, ఇప్పటి ఫొటోలు పక్కపక్కన పెట్టేవి కూడా. వాటిని చూసి పోల్చుకోకుండా ఉండటం ఈ దశలో ఎవరికీ సాధ్యం కాదు.

9. భయపెట్టే పదార్థాల దగ్గరికి మెల్లగా

వేళలు కొన్ని వారాలు నిలబడ్డాకే ఇది. మీరు వెలివేసిన పదార్థాల పేర్లన్నీ రాయండి. తక్కువ భయం కింద, ఎక్కువ భయం పైన. కింది మెట్టుతో మొదలుపెట్టి, అదే పదార్థాన్ని భయం తగ్గేదాకా కొన్నిసార్లు తిని, తర్వాతి మెట్టు ఎక్కండి. ఒంటరిగా తినొద్దు, బాగా ఆకలిగా ఉన్నప్పుడు అసలొద్దు. మామూలు భోజనంలో భాగంగా, తోడు ఉన్నప్పుడు తినండి. ఈ మెట్టు కౌన్సెలర్‌తో కలిసి ఎక్కితే మేలు.

10. పక్కనున్న మానసిక సమస్యలకూ వైద్యం చేయించుకోండి

డిప్రెషన్, ఆందోళన, ఒకే ఆలోచనలో చిక్కుకుపోయే ఓసీడీ, మనసుకు తగిలిన పాత గాయాలు చాలామందిలో తిండి సమస్యతో కలిసే ఉంటాయి. వేళకు తినడంతో కొంత తగ్గుతాయి, మిగిలినవాటికి వైద్యం కావాలి. డిప్రెషన్ కోసం సైకియాట్రిస్ట్‌ను కలిసినా తిండి సంగతి దాచకండి. బ్యుప్రోపియాన్ అనే మందు అనోరెక్సియా, బులీమియా ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. బులీమియాకు ఫ్లూయోక్సెటిన్ వంటి మందులు సాయపడతాయి. బరువు బాగా తక్కువగా ఉన్నప్పుడు మాత్రం మందు కంటే తిండే పెద్ద వైద్యం.

కౌన్సెలింగ్ ఎన్నాళ్లు? మూడో మెట్టులో చెప్పిన ఫేర్‌బర్న్ పద్ధతి బరువు మరీ తక్కువ కానివాళ్లకు సాధారణంగా 20 వారాల్లో 20 సెషన్లు. బరువు తక్కువున్నవాళ్లకు దానికి రెట్టింపు. టీనేజ్ పిల్లలకైతే తల్లిదండ్రులు భోజనం బాధ్యతను కొన్నాళ్లు తమ చేతుల్లోకి తీసుకుని, మెల్లగా తిరిగి పిల్లలకు అప్పగించే కుటుంబ చికిత్స మంచి ఫలితం ఇస్తుంది. "తింటావా?" అని అడగడం ఆపి, వడ్డించి పక్కన కూర్చోవడం అందులో మొదటి పాఠం. తిట్టొద్దు, బతిమాలొద్దు, బేరాలు పెట్టొద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

*అదుపు తప్పిన పూటను సరిచేయబోవడం.* ఈ తప్పు చేయనివాళ్లను నేను చూడలేదు. ఒక పూట ఎక్కువ తిన్నాం కాబట్టి తర్వాతి పూట మానేయడం, లేదా గంటల తరబడి వ్యాయామం చేయడం. బింజ్ అయినా, వాంతి అయినా, ఏమైనా సరే తర్వాతి భోజనం దాని వేళకే జరగాలి. అది ఒక్కటి నిలబెడితే ఆ రోజు పాడైనట్టు కాదు.

*ఆరోగ్యం పేరుతో కొత్త నిషేధాలు.* "తింటున్నాను కానీ ఇవి మాత్రం మానేశాను" అంటూ కొత్త జాబితా మొదలైతే పాత జబ్బే కొత్త చొక్కా వేసుకుందని అనుమానించండి. ఉపవాసాలు కూడా అంతే, కోలుకునేదాకా వద్దు.

*కాస్త బాగుండగానే మానేయడం.* బరువు పెరగగానే ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. భయం మాత్రం లోపల అలాగే ఉంటుంది. నిజానికి అప్పుడే తోడు ఎక్కువ కావాలి.

*నీళ్లు, కాఫీలతో కడుపు నింపడం.* అలారం మోగినప్పుడు తాగింది భోజనం కింద లెక్క కాదు.

పని జరుగుతోందని ఎలా తెలుసుకోవాలి?

బరువును కొలబద్దగా పెట్టుకోకండి, దాన్ని డాక్టర్‌కు వదిలేయండి. మీరు నెలకోసారి నోటుబుక్కు ముందేసుకుని చూడాల్సినవి ఇవి. వారంలో ఎన్ని రోజులు అన్ని పూటలూ తిన్నారు? బింజ్‌ల మధ్య ఎడం పెరుగుతోందా? ఒక పూట తప్పితే మళ్లీ దారిలో పడటానికి మొదట్లో వారం పట్టేది, ఇప్పుడు ఒక్క పూట పడుతోందా? సినిమా చూస్తున్నప్పుడు తిండి గుర్తురాకుండా ఎంతసేపు గడిచింది? చేతులు చల్లబడటం, జుట్టు ఊడటం, నిద్ర పట్టకపోవడం తగ్గాయా? ఆగిన నెలసరి తిరిగి వచ్చిందా? నలుగురిలో కూర్చుని తిన్నారా?

మొదటి నెలలో ఇవి అటూ ఇటూ ఊగుతాయి. మొదటి రెండు మూడు వారాలు మనసు ఇంకా బరువెక్కినట్టు అనిపించడం కూడా మామూలే, ఇన్నాళ్లూ తిండి గొడవ కింద అణిగి ఉన్న దుఃఖం పైకి వస్తుంది. అయితే వేళలు పాటించాలని ప్రయత్నించినా ఒక నెలకు ఏ మార్పూ లేకపోతే, లేదా తూకం తగ్గుతోందని డాక్టర్ చెబితే, ఇంట్లో ఉండి చేసే సాయం సరిపోవడం లేదని అర్థం. డే కేర్ (పగలు ఆసుపత్రిలో ఉండి రాత్రికి ఇంటికి వచ్చేది) లేదా ఆసుపత్రిలో చేర్చుకునే చికిత్స గురించి డాక్టర్‌ను అడగండి.

కోలుకున్నాక కూడా పరీక్షలప్పుడో, కొత్త ఉద్యోగంలోనో, ఎవరైనా పోయినప్పుడో ముందుగా జారిపోయేది ఒక చిరుతిండి పూట. నాకు ఇప్పటికీ సాయంత్రం 4 గంటల అలారం ఉంది. అది మోగినప్పుడు రెండు రోజులు వరుసగా ఆపేశానంటే, మూడో రోజు నా మనిషికి ఫోన్ చేస్తాను. మీరూ ఆ ఫోన్ ఎవరికి చేయాలో ఇవాళే నోటుబుక్కు మొదటి పేజీలో రాసిపెట్టుకోండి.